రెక్కల నిండా పెట్రోలు

షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్ట్ రెండో టెర్మినల్లో ఒక పాత యుద్ధ విమానం ఉంది. పొట్టిగా, బొద్దుగా, ముక్కు చప్పిడిగా, ఎగిరేదానికన్నా పొలంలో దున్నేదానిలా ఉంటుంది. పేరు వైల్డ్‌క్యాట్. మిషిగన్ సరస్సు అడుగు నుంచి తీసి, బాగుచేసి, రంగులేసి అక్కడ పెట్టారు. మనవాళ్ళు వేలమంది దాని పక్కనుంచి ట్రాలీలు తోసుకుంటూ పోతుంటారు. నేనూ మూడుసార్లు అలాగే పోయాను.

నాలుగోసారి ఫ్లైట్ లేటయింది. మా అబ్బాయి నేపర్‌విల్‌లో ఉంటాడు. అందరం డల్లాస్‌లో పెళ్ళికి బయలుదేరాం. మా తొమ్మిదేళ్ళ మనవడు నా చెయ్యి పట్టుకుని ఆ విమానం దగ్గరికి లాక్కెళ్ళాడు. "తాతయ్యా, ఈ పైలట్ ఒక్కడే ఐదు బాంబర్లు కూల్చేశాడు. అందుకే ఎయిర్‌పోర్టుకి ఆయన పేరు పెట్టారు" అన్నాడు. స్కూల్లో చెప్పారట.

"ఆ ఐదింట్లో ఎంతమంది ఉన్నార్రా?" అని అడిగాను.

వాడు నా వంక వింతగా చూశాడు. వీడియో గేముల్లో ఎవరూ అడగని ప్రశ్న. నిజానికి నాకూ తెలియదప్పుడు. ఊరికే నోట్లోంచి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళుగా దొరికిందల్లా చదువుతున్నాను. మా ఆవిడ దీన్ని జపాన్ పిచ్చి అంటోంది.

ఒక్కోదాంట్లో ఏడుగురు.

ఆ బాంబర్ మిత్సుబిషి జీ4ఎం. జపాన్ నౌకాదళానిదే, కానీ ఓడ మీద నుంచి లేచేది కాదు. నేల మీది రన్‌వేల నుంచి లేచి, సముద్రం మీద దూరం పోయి ఓడల్ని కొట్టేది. జపాన్ వాళ్ళు ఈ జాతి విమానాలను పొట్టిగా 'రిక్కో' అనేవారు. దీన్ని నడిపినవాళ్ళు 'హమాకి' అన్నారు, అంటే చుట్ట. ఫొటో చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. మధ్యలో లావుగా, రెండు వైపులా గుండ్రంగా, అచ్చం మా తాత కాల్చే లంక పొగాకు చుట్ట. అమెరికన్లు శత్రువుల ఫైటర్లకు మగ పేర్లు, బాంబర్లకు ఆడ పేర్లు పెట్టుకున్నారు. దీనికి 'బెట్టీ' అని పెట్టారు. ప్రపంచమంతా ఆ పేరే నిలిచింది, నేనూ అదే వాడతాను.

ఇంకో పేరు కూడా ఉంది. లైటర్. ఎగిరే లైటర్, ఒక్క గుండుకు వెలిగే లైటర్. ఈ విమానం గురించి ఏ వీడియో చూసినా, ఏ వ్యాసం చదివినా మొదటి నిమిషంలోనే ఈ జోకు వస్తుంది. నేనిదంతా రాయడానికి కారణం ఆ జోకే. అది అబద్ధం కాదు. కానీ తప్పు ఎవరిదో దాచిపెట్టే మాట అది.

ఇందులో నాకేం అర్హత అంటారా? యుద్ధ విమానాల గురించి ఏ అర్హతా లేదు. కానీ పెట్రోలు నింపే రేకు డబ్బాల గురించి కొంచెం ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ట్యాంకర్ లారీల బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఆరేళ్ళు డ్రాయింగులు గీశాను. పెట్రోలు, డీజిలు, పామాయిలు, యాసిడ్, నీళ్ళు, అన్ని రకాలూ. రేకు మందం ఒక మిల్లీమీటరు తగ్గితే బండి మీద ఎంత సరుకు ఎక్కువ పడుతుందో పడుకుని కూడా చెప్పేవాడిని. ప్రతి కస్టమరూ వచ్చి చెప్పేది ఒకటే: బరువు తగ్గాలి, కెపాసిటీ పెరగాలి, రేటు పెరగకూడదు.

బెట్టీ రెక్క గురించి చదివినప్పుడు నాకు వెంటనే అర్థమైంది అందుకే. మామూలుగా విమానం రెక్కలో ట్యాంకు పెట్టాలంటే రెక్క వేరు, లోపల ట్యాంకు వేరు. బెట్టీలో రెక్క రేకే ట్యాంకు గోడ. రెక్క పొడవునా పోయే రెండు దూలాల మధ్య ఖాళీ అంతా సీలు చేసి పెట్రోలు నింపేశారు. దాదాపు 4,900 లీటర్లు. మన రోడ్ల మీద తిరిగే 12,000 లీటర్ల ట్యాంకర్ ఉంది కదా, దాంట్లో ఐదింట రెండు వంతులు రెండు రెక్కల్లో పోసుకుని గాల్లోకి లేవడమన్నమాట. ఒక్క అంగుళం చోటు వృథా కాలేదు, ఒక్క కిలో రేకు అదనంగా పడలేదు. ట్యాంకులు కట్టినవాడిగా చెబుతున్నా, ఎంత చక్కటి పనో!

కానీ దానికి తూటా తగిలితే కన్నం. కన్నం పడితే పెట్రోలు. పెట్రోలు కారే చోటికి రెండడుగుల్లో మండే ఇంజను.

అప్పటికే దీనికి మందు తయారవుతోంది. ట్యాంకుకు రబ్బరు పొరలు తొడుగుతారు. మధ్య పొరలో పచ్చి రబ్బరు ఉంటుంది. తూటా దూసుకుపోయి పెట్రోలు దానికి తగలగానే ఉబ్బి కన్నాన్ని మూసేస్తుంది. ట్యూబ్‌లెస్ టైరులో పోసే పంక్చర్ సొల్యూషన్ లాంటి ఉపాయమే అనుకోండి. కాకపోతే రబ్బరు బరువు. అది రెక్కలో చోటు తింటుంది. చోటు తింటే పెట్రోలు తగ్గుతుంది. పెట్రోలు తగ్గితే దూరం తగ్గుతుంది. కథంతా ఆ దూరం దగ్గరే ఉంది.

1930లో లండన్‌లో నౌకాదళాల ఒప్పందం కుదిరింది. ఎవరికి ఎన్ని యుద్ధనౌకలుండాలో లెక్క కట్టారు. జపాన్‌కు అమెరికా కన్నా తక్కువ దక్కింది. ఓడలకు లెక్క ఉంది గానీ, నేల మీద నుంచి లేచే విమానాలకు లెక్క లేదు. పసిఫిక్ దీవుల్లో రన్‌వేలు వేసుకుని, అక్కణ్ణుంచి వేల కిలోమీటర్లు ఎగిరి అమెరికా ఓడల్ని దారిలోనే కొడితే? ఈ ఆలోచనను గట్టిగా ముందుకు నెట్టినవాళ్ళలో ఇసోరోకు యమమోటో ఒకరు. అప్పట్లో ఆయన నౌకాదళ విమాన విభాగంలో సాంకేతిక వ్యవహారాలు చూసేవారు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

బెట్టీకి ముందు వచ్చిన రిక్కో జీ3ఎం, అమెరికన్ల నోట 'నెల్'. దాన్ని గీసింది మిత్సుబిషి ఇంజనీరు కిరో హొంజో. 1937 ఆగస్టు 14న, అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న తైవాన్ నుంచి ఈ విమానాలు సముద్రం దాటి వెళ్ళి చైనా మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో అంత దూరం వెళ్ళడం ఒక సంచలనం. కానీ తోడుగా ఫైటర్లు లేవు. చైనా ఫైటర్లు వాటిని వెంటాడి కాల్చాయి, కొన్ని విమానాలు తగలబడి పడిపోయాయి. అప్పటి చైనా ప్రభుత్వం తర్వాత తైవాన్‌కు తరలిపోయింది; ఆగస్టు 14ను అది ఇప్పటికీ వాయుసేన దినంగా జరుపుతుంది.

ఆ తర్వాతి నెల, అంటే 1937 సెప్టెంబర్‌లో, నౌకాదళం మిత్సుబిషికి కొత్త బాంబర్ కోసం కాగితం పంపింది. అందులోని అంకెలు ఇవీ: 800 కిలోల టార్పెడో (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడను కొట్టే బాంబు) మోస్తూ 3,700 కిలోమీటర్లు. ఏమీ మొయ్యకపోతే 4,700 దాకా. వేగం గంటకు దాదాపు 400 కిలోమీటర్లు. ఇంజన్లు రెండే. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, టార్పెడో మోసుకుని విజయవాడ నుంచి ఢిల్లీ వెళ్ళి, ఎక్కడా దిగకుండా వెనక్కి వచ్చి, మళ్ళీ దాదాపు బెంగళూరు దాకా పోయి రావాలి.

నెల కిందట మనుషులు కాలిపోయారు. కాగితంలో మాత్రం కాపుదల అన్న ఊసు లేదు. కావలసింది ఇంకా దూరం, ఇంకా వేగం.

హొంజోకు విషయం తెలుసు. నాలుగు ఇంజన్లు పెట్టనివ్వండి అని అడిగాడు. నాలుగుంటే ఆ శక్తితో ట్యాంకులకు రక్షణ కూడా మోయొచ్చు. నౌకాదళం పెద్దలు కుదరదన్నారు. ఏం కావాలో మేం చెబుతాం, మీరు కట్టండి అన్నదే వాళ్ళ జవాబు సారాంశం. రెండు ఇంజన్లతో అంత దూరం పోవాలంటే ఇక మిగిలిన దారి ఒకటే: రెక్క మొత్తాన్ని ట్యాంకు చెయ్యడం. హొంజో చేశాడు. అడిగిన అంకె కన్నా ఎక్కువే ఇచ్చాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చిన్నదే. ఓ పామాయిల్ వ్యాపారి కొత్త ట్యాంకర్ కట్టించుకుంటూ, లోపల బ్యాఫిల్ ప్లేట్లు రెండు తీసెయ్యమన్నాడు. ట్యాంకులో అడ్డంగా ఉండే పలకలవి; బండి బ్రేకు వేసినా, మలుపు తిరిగినా లోపలి నూనె ఒక్కసారిగా ఓ పక్కకు ఉరకకుండా ఆపుతాయి. అవి లేకపోతే కడగడం సుళువు, బరువూ తగ్గుతుంది. నేను వద్దన్నాను. మా ఓనరు "అడిగింది చేసిపెట్టవయ్యా, బండి ఆయనది" అన్నాడు. ప్లేట్లు లేని డ్రాయింగ్ గీసి కింద సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండా ఆ బండి ఒక ఘాట్ మలుపులో పక్కకు పడింది. డ్రైవరుకు తుంటి ఎముక విరిగింది. "ర్యాష్‌గా తోలాడు" అన్నాడు వ్యాపారి. అందరూ అదే అన్నారు. డ్రాయింగ్ చూపించమని నన్ను ఎవరూ అడగలేదు.

హొంజో నాలుగు ఇంజన్ల కథ చదివిన రాత్రి నాకు ఆ డ్రైవరు గుర్తొచ్చాడు. దాన్నీ దీన్నీ పోల్చడం మరీ అతి అని మా అబ్బాయి అంటాడు. అతే కావచ్చు. కానీ ఆ సంతకం నాది కదా.

మా అబ్బాయితో అసలు గొడవ వేరే. వాడి వాదన ఇది: జపాన్ వాళ్ళకు ప్రాణమంటే లెక్కలేదు, అది వాళ్ళ సమురాయ్ సంస్కృతి, అందుకే ట్యాంకులకు రక్షణ పెట్టలేదు. నెట్‌లో సగంమంది చెప్పేదీ ఇదే. నేనొప్పుకోను. ఒక ఇంజనీరు కాపుదల కోసం అడిగాడు. నడిపినవాళ్ళు మొత్తుకున్నారు. తర్వాత రెక్కల కింద రబ్బరు షీట్లు అతికించారు, తోకలో కూర్చునేవాడికి కవచం పెట్టారు. చివరికి రక్షణ ఉన్న ట్యాంకులతో కొత్త మోడలే చేశారు. చావడానికి ఉబలాటపడే సంస్కృతి అయితే ఈ పాట్లన్నీ ఎందుకు? అక్కడ పనిచేసింది కత్తీ కాదు, సమురాయ్ కాదు. కాగితం మీద వేసిన అంకె. ఎవరో ఒక గదిలో కూర్చుని వేశారు, కిందవాళ్ళు ఆ అంకెను అందుకోవడానికి దేన్ని వదులుకోవచ్చో వెతికారు. అలాంటి గదులు ఆటోనగర్‌లోనూ ఉన్నాయి.

విమానం ఎలా పుట్టిందో చూస్తే ఇంకో వింత. మిత్సుబిషి నగోయా ఫ్యాక్టరీకి రన్‌వే లేదు. అక్కడ చేసిన విమానాల్ని భాగాలుగా విడదీసి, దాదాపు 48 కిలోమీటర్ల దూరంలోని కాకామిగహారా మైదానానికి తీసుకెళ్ళేవారు. దేంట్లోనంటే, ఎడ్లబండ్ల మీద. రోడ్లు అధ్వాన్నం, లారీలో వేస్తే కుదుపులకు సున్నితమైన భాగాలు దెబ్బతింటాయి. ఎద్దు నెమ్మదిగా, పదిలంగా తీసుకెళ్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరే విమానాలు కట్టిన కంపెనీ వాటి మొదటి ప్రయాణాన్ని ఎడ్ల వెనక చేయించింది! ఈ వాక్యం చదివినప్పుడు నేను ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. గాల్లో నాలుగు వేల కిలోమీటర్లు రాసిన కాగితం, నేల మీద సరైన రోడ్డు మాత్రం రాయలేదు.

1939 అక్టోబర్ 23న బెట్టీ మొదటిసారి ఎగిరింది. అద్భుతంగా ఎగిరింది. వెంటనే తయారీ మొదలుపెట్టాల్సింది పోయి, దీన్నే బాంబర్లకు కాపలా కాసే తుపాకుల బండిగా మారుద్దామని నౌకాదళానికి ఓ ఆలోచన వచ్చింది. ముప్పై చేశారు. బాంబులు వేసేసి తేలికైన విమానాల వెంట తిరుగుదారిలో ఇవి పరిగెత్తలేకపోయాయి. ఆ పిచ్చిపనికి విలువైన కాలం పోయింది. 1941 ఏప్రిల్‌లో గానీ బెట్టీని అధికారికంగా తీసుకోలేదు. ఆ ఏడే చైనాకు పంపారు. చొంగ్‌చింగ్, చెంగ్‌డూ నగరాల మీద బాంబులు వేయడం దాని మొదటి పని. ఏడుగురి ప్రాణాల గురించి రాస్తున్న నేను, ఆ ఏడుగురి కిందనున్న ఊళ్ళలో చచ్చిపోయినవాళ్ళను మర్చిపోయానని అనుకోకండి. వాళ్ళకు లైటరు జోకూ లేదు, ఎయిర్‌పోర్టు పేరూ లేదు.

ఇక 1941 డిసెంబర్ 10. అంకె వేసినవాళ్ళు గెలిచిన రోజు.

బ్రిటన్ తన కొత్త యుద్ధనౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ను, పాత రిపల్స్‌ను సింగపూర్‌కు పంపింది. మలయా తీరంలో క్వాంటన్ దగ్గర ఆ రెండూ ఉన్నప్పుడు, సైగాన్ చుట్టుపక్కల మైదానాల నుంచి రిక్కోలు బయలుదేరాయి. పాత నెల్‌లతో పాటు కనోయా దళానికి చెందిన 26 బెట్టీలు. అంత దూరం నుంచి టార్పెడో మోసుకుని విమానాలు వస్తాయని బ్రిటిష్ వాళ్ళు ఊహించలేదు. ముందు నెల్‌లు వేసిన టార్పెడో ఒకటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వెనక భాగంలో తగిలి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను వంచేసింది. వంగిన షాఫ్ట్ తిరుగుతూ తిరుగుతూ ఓడ గోడల్నే చీల్చింది. నీళ్ళు లోపలికి వచ్చేశాయి. రిపల్స్ కెప్టెన్ చాలాసేపు టార్పెడోలను తప్పించుకుంటూ ఓడను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కనోయా బెట్టీలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఒక వైపు నుంచి తప్పుకుంటే రెండో వైపు నుంచి తగిలేలా. రెండు ఓడలూ మునిగాయి. 840 మంది చనిపోయారు. జపాన్ వైపు పోయినవి మూడు విమానాలు.

మూడు! ఈ లెక్క చూశాక హొంజో అడిగింది ఎవరికి గుర్తుంటుంది? దూరం గెలిచింది, వేగం గెలిచింది, రబ్బరు అక్కర్లేదని తేలిపోయింది. కానీ ఆ రోజు ఆ ఓడలకు కాపలాగా ఆకాశంలో ఒక్క బ్రిటిష్ ఫైటర్ కూడా లేదు. అవి వచ్చేసరికి అంతా అయిపోయింది. అంటే పరీక్షలో అసలు ప్రశ్న రానే లేదు, అయినా నూటికి నూరు వేశారు. నా లెక్క ప్రకారం ఆ విమానానికి జరిగిన అన్నిటికన్నా పెద్ద నష్టం ఆ విజయమే.

అసలు ప్రశ్న రెండు నెలల తర్వాత వచ్చింది. 1942 ఫిబ్రవరి 20. పసిఫిక్‌లోని జపాన్ స్థావరం రబౌల్ నుంచి 17 బెట్టీలు లెక్సింగ్టన్ అనే అమెరికా విమానవాహక నౌక మీదికి వెళ్ళాయి. తోడుగా ఫైటర్లు లేవు, ఎందుకంటే అప్పుడు రబౌల్‌లో ఉన్న ఫైటర్లు అంత దూరం పోలేవు. ఇక్కడే నాకు ఒక సంగతి వెలిగింది. దూరం కోసం రక్షణ వదులుకున్నారు సరే. ఆ దూరమే మిగిలిన రక్షణను కూడా తీసేసింది. కాపలా కాసేవాడు రాలేని చోటికి వెళ్ళగలగడం గొప్ప అనుకున్నారు. ఆ రోజు రెండో బృందం ఓడకు దగ్గరవుతున్నప్పుడు అడ్డంగా నిలిచిన పైలట్ ఎడ్వర్డ్ ఓహేర్. తోడు వెళ్ళినవాడి తుపాకులు మొరాయించాయి. ఓహేర్ ఒక్కడే కొన్ని నిమిషాల్లో వరసబెట్టి కాల్చాడు. ఒక బెట్టీకి ఇంజనే ఊడి పడిపోయింది. ఆయన ఖాతాలో ఐదు వేశారు. ఐదా, మూడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. బయలుదేరిన 17లో 15 పోయాయి. దాదాపు వందమంది. మనవడికి నేనిచ్చిన జవాబు అది.

ఆగస్టు 8న సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ దగ్గర ఇంకా ఘోరం. రబౌల్ నుంచి అక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. బెట్టీలు టార్పెడోలతో నీళ్ళకు ఆనుకునేంత కిందుగా వచ్చి, ఓడల మధ్యలోంచి దూరాయి. ఓడల మీది తుపాకులన్నీ వాటి వైపు తిరిగాయి. దాడికి వచ్చిన 23లో 18 తిరిగి వెళ్ళలేదు. ఆ రోజు తీసిన ఒక ఫొటో ఉంది. నీటికి కొద్ది అడుగుల ఎత్తులో, చుట్టూ గుండ్ల నీటి చిమ్ములు, వెనక నల్లటి పొగ, ముందు నాలుగు చుట్టలు. ఆ ఎత్తులో పారాచూట్ ఉన్నా దండగే.

ఇలాంటివి ఒక్క జపాన్‌కే జరిగాయా అంటే, లేదు. మిడ్‌వే సముద్ర యుద్ధంలో అమెరికా టార్పెడో విమానాలు 41 వెళ్తే వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని తిరిగొచ్చాయి. 1940లో ఫ్రాన్స్ మీద 'బ్యాటిల్' అనే బ్రిటిష్ బాంబర్లకూ అదే గతి. 1937లో కాపుదల లేకుండా విమానం గీయడం ప్రపంచంలో ఎవరూ చెయ్యని తప్పేమీ కాదు. ఇంత పెద్ద యుద్ధానికి సరిపడా నాలుగు ఇంజన్ల విమానాలు కట్టే శక్తి జపాన్ ఫ్యాక్టరీలకు ఉందా అన్నదీ న్యాయమైన ప్రశ్నే. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. తేడా తర్వాత వచ్చింది. అమెరికన్లు మిడ్‌వే తర్వాత ఆ పాత విమానాన్ని పక్కన పడేశారు. బెట్టీని మాత్రం యుద్ధం చివరి దాకా చేస్తూనే పోయారు, 2,400 పైచిలుకు. ట్యాంకులకు సరైన రక్షణ ఉన్న మోడల్ వచ్చేసరికి యుద్ధం దాదాపు అయిపోయింది. అవి అరవై దాకా వచ్చాయి, అంతే. దాని దూరం బాగా తగ్గిపోయింది. దాంతో కొంపలేమీ మునగలేదు. అప్పటికి అంత దూరం పోవాల్సిన పనీ మిగల్లేదు మరి.

బెట్టీలు రాత్రిపూట వెళ్ళడం నేర్చుకున్నాయి. 1943 జనవరి చివర్లో రెన్నెల్ దీవి దగ్గర నెల్‌లతో కలిసి చీకట్లో వెళ్ళాయి; ఒక అమెరికా క్రూజర్‌కు టార్పెడోలు తగిలాయి, మర్నాడు బెట్టీలు వచ్చి దాన్ని ముంచాయి. ఆ క్రూజర్ పేరు షికాగో. ఇక ఓహేర్ సంగతి: ఆ ఏడాది నవంబర్ 26 రాత్రి గిల్బర్ట్ దీవుల దగ్గర, ఇలాగే చీకట్లో వస్తున్న బెట్టీలను ఎదుర్కోవడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన దొరకలేదు, విమానమూ దొరకలేదు. మనవడికి ఇది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. "అయితే స్కోరు ఎంత?" అని అడిగాడు.

విశాఖవాళ్ళు ఇక్కడ ఒక మాట అడుగుతారని తెలుసు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద పడిన బాంబులు బెట్టీలవేనా? కావు. అవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన చిన్న విమానాలు. బెట్టీలు మన దేశానికి వచ్చింది 1943 డిసెంబర్ 5న, కలకత్తా కిద్దర్‌పూర్ రేవు మీదికి. ఆ దాడిలో జపాన్ సైన్యం బాంబర్లతో పాటు నౌకాదళం బెట్టీలూ ఉన్నాయి. పట్టపగలు వచ్చారు. రేవు కూలీలు చాలామంది చనిపోయారు. విశాఖ బాంబుల గురించి మా అమ్మానాన్నల తరం కథలు కథలుగా చెప్పుకునేది; ఆ కూలీల కథ మాత్రం నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

యమమోటో పేరు గుర్తుంచుకోమన్నాను. నేల మీది నుంచి దూరం ఎగిరే బాంబర్ ఉండాలని పట్టుబట్టిన మనిషి 1943 ఏప్రిల్ 18 ఉదయం రబౌల్‌లో ఒక బెట్టీ ఎక్కాడు. తోక మీద నంబరు 323. సోలమన్ దీవుల్లోని తన దళాలను చూసి రావడానికి. ఆయన ఎన్నింటికి బయలుదేరతాడో, ఎన్నింటికి దిగుతాడో చెప్పే రహస్య సందేశాన్ని అమెరికన్లు విప్పి చదివేశారు. గ్వాడల్‌కెనాల్ నుంచి పీ-38 ఫైటర్లు సముద్రానికి ఆనుకుని చుట్టుదారిలో వచ్చాయి. ఇటువైపు రెండు బెట్టీలు, కాపలాకు 'జీరో' అనే జపాన్ ఫైటర్లు ఆరు. ఆయన ఎక్కిన విమానం మంటలతో బుగన్‌విల్ అడవిలో పడింది. శకలాలు ఇప్పటికీ బుయిన్ ఊరికి దగ్గర్లో అడవిలో ఉన్నాయి. చూడ్డానికి జనం వెళ్తుంటారు.

దీన్ని కర్మఫలం అని రాసినవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. అంకె వేసినవాళ్ళలో ఒక్కరు ఆ విమానంలో ఉన్నారు, నిజమే. నడుపుతున్నవాడు అంకె వెయ్యలేదు. వెనక తుపాకీ దగ్గర కూర్చున్నవాడూ వెయ్యలేదు.

1945లో జరిగింది రాయకుండా ఉంటే బాగుండుననిపిస్తుంది, ఎందుకంటే అక్కడ నా వాదన కుంటుతుంది. ఓకా అని ఒక రాకెట్ బాంబు చేశారు. లోపల మనిషి కూర్చుని దాన్ని ఓడ మీదికి తోలుకెళ్ళి తానూ పేలిపోవాలి. రెండు టన్నుల పైన బరువు. దాన్ని పొట్ట కింద కట్టుకుని ఓడల దాకా మోయాల్సింది బెట్టీయే. ఆ బరువుతో అది పాకినట్టే పోయేది. ఓకా ఎగరగలిగేది ముప్పై నలభై కిలోమీటర్లు, అంటే బెట్టీ శత్రువు ముంగిట్లోకే వెళ్ళాలి. మార్చి 21న 18 బెట్టీలు బయలుదేరాయి. ఓడలు కనపడక ముందే అమెరికా ఫైటర్లు వచ్చాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. మా అబ్బాయి దీన్నే పట్టుకుంటాడు: "ఇదేంటి మరి నాన్నా? ఇది కూడా ఆటోనగర్ లెక్కేనా?" కాదురా, ఇది వేరే. ఇక్కడ మనిషినే విడిభాగంగా లెక్క కట్టారు. కాకపోతే నాకనిపించేది ఇది: ఆ లెక్కకు ఒక్కరోజులో రారు. ముందు ట్యాంకుకు రబ్బరు అక్కర్లేదంటారు. ఏళ్ళ తరబడి మనుషులు కాలిపోతుంటే దానికి అలవాటు పడతారు. ఆ తర్వాతే ఓకా గీసే కాగితం బల్ల మీదికి వస్తుంది. వాడు ఒప్పుకోలేదు. భోజనాల దగ్గర ఈ వాదన ఏంటని కోడలు ఇద్దర్నీ కసిరింది.

ఇప్పుడు పూర్తి బెట్టీ ప్రపంచంలో ఎక్కడా లేదు. కాలిఫోర్నియాలో చీనో అనే ఊరి మ్యూజియంలో ఒకదాన్ని అడవిలో కూలిపోయి ఉన్నట్టే అలంకరించి పెట్టారు. జపాన్‌లో ఫుజి కొండ దగ్గర కవగుచికోలో ఒకదాని మొండెం భాగం బాగుచేసి ఉంచారు. ఆ మ్యూజియం ఆగస్టు నెలలోనే తెరుస్తారు. ఆగస్టు టికెట్ల రేట్లు చూసి మా ఆవిడ కంప్యూటర్ మూసేసింది.

నాకు బాగా నచ్చే బెట్టీ ఫొటో మాత్రం యుద్ధానిది కాదు. 1945 ఆగస్టు 19. లొంగిపోయాక, ఆ ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి మనుషుల్ని పంపమని అమెరికా సేనాని మెకార్థర్ కబురు పెట్టాడు. విమానాలకు తెల్లరంగు వెయ్యాలి, ఎర్ర సూర్యుడి గుర్తు ఉన్నచోట ఆకుపచ్చ శిలువ గీయాలి. కిసరజు నుంచి రెండు తెల్ల బెట్టీలు బయలుదేరాయి. అమెరికన్లు వాటికి పెట్టిన పేరు బటాన్, జపాన్ చేతిలో తాము ఘోరంగా ఓడిన చోటు పేరు. ఒకినావా పక్కన ఇయె షిమా అనే దీవిలో దిగాయి. ఫొటోలో రన్‌వే పక్కన అమెరికా సైనికులు వందలమంది, కొందరు చొక్కాలు కూడా లేకుండా, నిలబడి చూస్తున్నారు. అన్నాళ్ళూ కనపడగానే కాల్చిన విమానం వాళ్ళ ముందు నెమ్మదిగా దొర్లుకుంటూ వస్తోంది.

జపాన్ తరఫున వచ్చిన జనరల్ కవాబే బృందం అక్కడి నుంచి అమెరికన్ల విమానంలో మనీలా వెళ్ళి, కాగితాలు తీసుకుని, తిరిగి ఇయె షిమా వచ్చి మళ్ళీ బెట్టీ ఎక్కింది. చీకటి పడింది. టోక్యో ఇంకా దూరం ఉండగానే పెట్రోలు అయిపోయింది. పైలట్ దాన్ని తెన్ర్యూ నది సముద్రంలో కలిసేచోట, ఒడ్డు పక్కన లోతులేని నీళ్ళలో దించాడు. లొంగుబాటు కాగితాలు పట్టుకుని జనరల్‌గారు, మిగతావాళ్ళు నీళ్ళలో నడుచుకుంటూ ఒడ్డుకొచ్చారు. అక్కడి నుంచి లారీలో హమామత్సు వెళ్ళి, మర్నాడు వేరే విమానంలో టోక్యో చేరారు.

షెడ్డులో పనిచేసిన రోజుల్లో బండి గేటు దాటే ముందు ట్యాంకులో డిప్ రాడ్ వేసి, తడి ఎంతవరకు ఉందో బొటనవేలితో పట్టుకుని చూసేవాళ్ళం. ఆ పేజీ చదివినప్పుడు నా బొటనవేలు దానంతటదే కదిలింది.